మూత్రాశయ పరీక్ష గ్రాఫును కంప్యూటర్ చదివితే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు, ఒకరికొకరు తెలియని మనుషులు రాసినవే అయినా, ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మూత్రాశయం పనితీరును కొలిచే యూరోడైనమిక్ పరీక్ష గ్రాఫులను మెషిన్ లెర్నింగ్ పద్ధతితో కంప్యూటర్ చేత చదివించవచ్చా, చదివిస్తే ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఆ విషయం. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బిడ్డకు ఏడేళ్లు. పుట్టుకతోనే వెన్నెముక కింది భాగం మూసుకోలేదు; పుట్టిన వారం రోజులకే ఆపరేషన్ చేశారు. మూత్రం మీద అదుపు లేనందున రోజుకు ఐదుసార్లు సన్నని పైపుతో మేమే తీస్తున్నాము. ఇటీవల యూరోడైనమిక్ పరీక్ష చేయించాము. గ్రాఫు చూసి ఒక డాక్టరు గారు ప్రెషర్ పరవాలేదన్నారు. అదే గ్రాఫు చూసిన మరొకరు మూత్రపిండాలకు ప్రమాదమని, మందు పెంచాలని అన్నారు. ఇట్లాంటి గ్రాఫులను కంప్యూటరే చదివి చెప్తున్నదని మా తమ్ముడు అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో కంప్యూటర్ తేల్చగలదా?
– ఒక తండ్రి, పరకాల

జవాబు: ఇద్దరు డాక్టర్లు ఒకే గ్రాఫును రెండు రకాలుగా చదివినంత మాత్రాన వారిలో ఒకరు తప్పు చేశారని అనుకోవద్దు. ఈ పరీక్షలో అది అరుదైన సంగతి కాదు. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే, కంప్యూటర్ ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా మీకే తెలుస్తుంది.

పరీక్ష గదిలో మీరు చూసే ఉంటారు. ఒక సన్నని పైపును మూత్రాశయంలోకి, మరొకదాన్ని మలద్వారంలోకి పంపి, మూత్రాశయాన్ని సెలైన్‌తో మెల్లగా నింపుతారు. మొదటి పైపు మూత్రాశయంలోని మొత్తం పీడనాన్ని చూపుతుంది. అందులో మూత్రాశయ కండరం పుట్టించేది కొంత, కడుపు బయటి నుంచి నొక్కడం వల్ల వచ్చేది కొంత కలిసి ఉంటాయి. రెండో పైపు చూపేది కడుపు పీడనం మాత్రమే. మొదటి అంకెలోంచి రెండోదాన్ని తీసివేయగా మిగిలినదే కండరం పీడనం. వైద్యులు దాన్ని డెట్రూసర్ ప్రెషర్ అంటారు. బిడ్డ దగ్గినా, ఏడ్చినా, కాళ్లు ముడుచుకున్నా రెండు పైపుల గీతలూ ఒకేసారి, ఒకే ఎత్తుకు లేవాలి. తీసివేత గీత మాత్రం దాదాపు కదలకుండా ఉండాలి. వెనుక పైపు కాస్త జారినా, పైపులోకి గాలి బుడగ చేరినా ఈ లెక్క చెడిపోయి, లేని పీడనం ఉన్నట్టుగానో, ఉన్న పీడనం లేనట్టుగానో కనిపిస్తుంది.

ఇక ప్రమాదం సంగతి. ఈ పీడనాన్ని నీటి మట్టం ఎత్తుతో, అంటే సెంటీమీటర్లతో కొలుస్తారు కాబట్టి, చెరువుల నడుమ పుట్టిపెరిగిన మనకు దీన్ని ఊహించుకోవడం సులువే. విశాలమైన చెరువులోకి ఎంత వరద వచ్చినా మట్టం నెమ్మదిగానే పెరుగుతుంది. ఇరుకు బావిలో అదే నీరు పోస్తే మట్టం గబగబా పైకి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రాశయం చెరువు లాంటిది, నిండుతున్నంతసేపూ సాగుతూ పీడనాన్ని పెరగనివ్వదు. నరాల సంకేతాలు సరిగా అందని మూత్రాశయం గోడలు గట్టిపడి, బావిలా మారుతుంది. అప్పుడు నీరు వచ్చిన కాలువలోకే ఎదురెక్కినట్టు, ఆ పీడనం మూత్రపిండాల వైపు తిరుగుతుంది. 1981లో అమెరికాలో మెక్‌గ్వైర్, ఆయన సహచరులు ఇలాంటి పిల్లలను పరిశీలించి, మూత్రం కారడం మొదలయ్యే సమయానికి కండరం పీడనం 40 సెంటీమీటర్లు దాటిన వారిలో పై భాగాలు, అంటే మూత్రపిండాలు, వాటి నుంచి మూత్రాన్ని తెచ్చే నాళాలు దెబ్బతినడం ఎక్కువగా ఉందని చెప్పారు. ఇప్పటికీ అందరూ చూసే గుర్తు అదే. కాని 39 అయితే క్షేమం, 41 అయితే ప్రమాదం అని గీత గీసినట్టు ఉండదు. కొద్దిసేపు 45కు చేరి దిగిపోయిన పీడనం కంటే, గంటల తరబడి 30 దగ్గర నిలిచిన పీడనమే ఎక్కువ చెరుపు చేయవచ్చు.

మీ బిడ్డ వయసుకు మూత్రాశయంలో పట్టవలసిన పరిమాణం సుమారు 240 మి.లీ. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే వచ్చే అంకె ఇది. పిల్లలకు పరీక్ష చేసేటప్పుడు ఈ పరిమాణంలో నిమిషానికి 5 నుంచి 10 శాతం మించకుండా, అంటే 12 నుంచి 24 మి.లీ. చొప్పున మాత్రమే నింపాలి. తొందరపడి వేగంగా నింపితే, ఇంట్లో మామూలుగా నిండేటప్పుడు ఎన్నడూ రాని పీడనం గ్రాఫులో కనిపిస్తుంది. రెండో డాక్టరు గారు భయపడింది అలాంటి గీతను చూసి కావచ్చు. మొదటి డాక్టరు గారు అది నింపే వేగం వల్ల వచ్చిందని పక్కన పెట్టి ఉండవచ్చు. అదే నిజమైతే ఇద్దరి మాటకూ ఆధారం ఉన్నట్టే.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నేనే చదివి నివేదిక రాసిన గ్రాఫు ఒకటి, పేరు కనిపించకుండా, కొన్ని నెలల తర్వాత ఒక తరగతిలో నా ముందుకు వచ్చింది. ఈసారి నేను చదివింది, మొదటిసారి నేనే రాసిన నివేదికతో కలవలేదు. రోగి అదే, గీత అదే, కళ్లు కూడా అవే. ఇద్దరి మధ్య తేడా గురించి మాట్లాడే ముందు ఒక మనిషికి తనతో తనకే ఉండే తేడాను ఒప్పుకోవాలని ఆ రోజు నాకు అర్థమైంది.

మెషిన్ లెర్నింగ్ అంటే, నిపుణులు ముందుగా చదివి గుర్తులు పెట్టిన గ్రాఫులను వందలు, వేలుగా కంప్యూటర్‌కు చూపి, ఏ ఆకారానికి ఏ గుర్తు పెట్టారో దానంతట అదే పోల్చుకునేలా చేయడమే. ఆ తర్వాత కొత్త గ్రాఫు ఇస్తే, తనకు పాఠం చెప్పినవారు దీనికి ఏ గుర్తు పెట్టి ఉండేవారో అది ఊహిస్తుంది. వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లల గ్రాఫుల్లో కండరం అకస్మాత్తుగా బిగిసే చోట్లను ఇలా పట్టుకునే ప్రయత్నాలు పరిశోధనా స్థాయిలో జరుగుతున్నాయి. కనుక మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: ఇద్దరు నిపుణులు తేడాపడే చోట, కంప్యూటర్‌కు పాఠం చెప్పినవారు కూడా తేడాపడే ఉంటారు, వారి తగవే దాని చదువులోకి దిగుతుంది కాబట్టి, తీర్పు చెప్పే పెద్దమనిషిగా దాన్ని కూర్చోబెట్టలేము. దాని వల్ల కలిగే అసలు మేలు వేరే ఉంది. అది అలసిపోదు, నిన్న ఒక రకంగా ఇవాళ ఒక రకంగా చదవదు. పోయిన ఏటి గ్రాఫునూ ఈ ఏటి గ్రాఫునూ ఒకే కొలబద్దతో పోల్చి, పీడనం పెరుగుతున్నదా తగ్గుతున్నదా అని చెప్పగలదు. మీ బిడ్డ విషయంలో ఒక్కరోజు అంకె కంటే ఏటేటా వచ్చే మార్పే ముఖ్యం.

ప్రస్తుతం మీరు చేయవలసింది, ఆసుపత్రి నుంచి నివేదికతో పాటు అసలు గ్రాఫు కాపీ అడిగి తీసుకోవడం, అందులో నింపిన వేగం, బిడ్డ ఏడ్చిన సమయాలు రాశారో లేదో చూడడం, రెండోసారి నింపి చూశారా అని అడగడం. ఆ వివరాలు లేకపోతే పరీక్షను నిదానంగా మళ్లీ చేయించి, మూత్రపిండాల స్కానింగ్‌తో కలిపి ఒకే డాక్టరు గారికి చూపండి. అంతవరకు పైపుతో తీయడం గాని మందు గాని మానవద్దు.

ప్రశ్న: నేను ఎం.టెక్. రెండో సంవత్సరం విద్యార్థినిని. మా ప్రాజెక్టు కోసం 40 మంది రోగుల యూరోడైనమిక్ రికార్డులు, పేర్లు తీసేసి ఇచ్చారు. వాటిని ఐదేసి సెకన్ల ముక్కలుగా చేసి, కండరం అనవసరంగా బిగిసిన ముక్కలు ఏవో గుర్తించే న్యూరల్ నెట్‌వర్క్ (మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాముల్లో ఒక రకం) తయారు చేశాను. ఖచ్చితత్వం 96 శాతం వచ్చింది. మా గైడ్ సార్ సంతోషించారు. కాని ఆసుపత్రిలో ఈ పరీక్ష చేసే మేడమ్ గారు చూసి, ‘ఇది దగ్గును కూడా పట్టుకుంటున్నది’ అన్నారు. ఎక్కడ తప్పు జరిగింది?
– ఒక విద్యార్థిని, కాజీపేట

జవాబు: ఆ మేడమ్ గారి మాటను మీ 96 శాతం కంటే ఎక్కువ విలువగా తీసుకోండి. మీరు రాసిన దాన్ని బట్టి లోపం నాలుగు చోట్ల ఉండే అవకాశం కనిపిస్తున్నది.

ఒక్కో పరీక్ష సుమారు అరగంట అనుకుంటే 1800 సెకన్లు, అంటే 360 ముక్కలు. 40 మందికి 14,400 ముక్కలు అవుతాయి. ఆ అంకె చూసి దత్తాంశం చాలా ఉందనిపిస్తుంది గాని, మీ దగ్గర ఉన్నది 40 మందే. ముక్కలన్నిటినీ కలగలిపి, అందులోంచి కొన్నిటిని నేర్పడానికి, కొన్నిటిని పరీక్షించడానికి తీసి ఉంటే, ఒకే రోగి గీతలోని పక్కపక్క ముక్కలు రెండు వైపులా చేరి ఉంటాయి. అప్పుడు మీ నెట్‌వర్క్ నేర్చుకున్నది జబ్బును కాదు, ఆ మనిషి గీత తీరును. పరీక్షకు ఉంచే రోగుల ముక్క ఒక్కటి కూడా నేర్చుకునే వైపు పోకుండా, మనుషుల వారీగా విడదీసి మళ్లీ లెక్క చూడండి. అంకె తగ్గితే దిగులు పడవద్దు. ఆ తగ్గిన అంకెతోనే మీ ప్రాజెక్టు మొదలవుతుంది.

రెండోది, ముక్కల్లో అత్యధికం ఏ చలనమూ లేనివే అయి ఉంటాయి. వందలో 95 ముక్కలు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, ప్రతిదానికీ ‘ఏమీ లేదు’ అని రాసే మొద్దు ప్రోగ్రాముకు కూడా 95 శాతం ఖచ్చితత్వం వస్తుంది. కాబట్టి ముక్కల లెక్క మాని, నిజంగా కండరం బిగిసిన సందర్భాల్లో ఎన్నింటిని పట్టింది, ఒక్కో పరీక్షకు ఎన్నిసార్లు ఉత్తుత్తి హెచ్చరిక ఇచ్చింది అన్న రెండు అంకెలు చూపండి. డాక్టర్లు అడిగేవి అవే.

మూడోది దగ్గు. మీరు తీసివేత గీతను ఒక్కదాన్నే నెట్‌వర్క్‌కు ఇచ్చి ఉంటారని నా అనుమానం. రెండు పైపులు దగ్గుకు సమానంగా స్పందించనప్పుడు తీసివేత గీతలో సూదిమొనలాంటి శిఖరం మిగులుతుంది. కండరం బిగిసినప్పుడు అయితే గీత నిదానంగా లేచి నిదానంగా దిగుతుంది. ఆ తేడాను మేడమ్ గారు పట్టుకున్నది మొదటి రెండు గీతలను పక్కపక్కన చూసి. మీ నెట్‌వర్క్‌కు కూడా మూడు గీతలూ ఇవ్వండి. ఐదు సెకన్ల కిటికీ కూడా చాలా ఇరుకు, ఎందుకంటే బిగింపు చాలాసార్లు అంతకంటే ఎక్కువసేపే సాగుతుంది. నెట్‌వర్క్ జోలికి పోయే ముందు, శిఖరం ఎత్తు, అది నిలిచిన కాలం, కడుపు గీతతో దానికున్న పోలిక వంటి నాలుగైదు లక్షణాలతో సాదా లాజిస్టిక్ రిగ్రెషన్ (కొన్ని కొలతలను బట్టి అవునా కాదా అని అంచనా వేసే గణాంక పద్ధతి) ఒకటి కట్టి చూడండి. 40 మంది దత్తాంశం మీద అది మీ నెట్‌వర్క్‌కు దీటుగా నిలిచినా నేను ఆశ్చర్యపోను.

నాలుగోది అన్నిటికంటే లోతైనది, దానికి ప్రోగ్రాములో మందు లేదు. మూత్రం అదుపు సమస్యల మీద పనిచేసే అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ పాత నిర్వచనం ప్రకారం, నిండే సమయంలో కండరం బిగిసి పీడనం 15 సెంటీమీటర్లు లేస్తేనే దాన్ని అసాధారణంగా లెక్కించేవారు. 2002లో ఆ కనీస హద్దును తీసేశారు. చిన్న అల కూడా రోగికి బాధ కలిగించవచ్చు కాబట్టి వైద్యపరంగా అది సరైన నిర్ణయమే. కాని హద్దు పోవడంతో, చిన్న అలను బిగింపు అనాలా వద్దా అన్నది చదివేవారి విచక్షణకు మిగిలింది. వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్లో పత్తి తేమను మీటరు పెట్టి చూస్తారు. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే మద్దతు ధరకు కొనరు. అక్కడ అంకె ఉంది కాబట్టి వాదన మీటరు మీదికి పోతుంది. అంకె లేని చోట చేత్తో పిసికి చూసేవారి మాటే కొలత, ఆ చేతులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. మీ 40 రికార్డులకు గుర్తులు పెట్టింది ఒక్కరే అయితే మీరు నేర్పింది వైద్యశాస్త్రాన్ని కాదు, ఆ ఒక్కరి అలవాటును. కనీసం ఇద్దరి చేత, ఒకరిది మరొకరికి చూపకుండా గుర్తులు పెట్టించి, వారి ఏకీభావాన్ని కప్పా అంకెతో (అనుకోకుండా కుదిరిన ఏకీభావాన్ని మినహాయించి చూపే కొలత) లెక్కగట్టి నివేదికలో ముందుగా అదే రాయండి. ఇద్దరు నిపుణులు ఏకీభవించిన దానికంటే ఎక్కువగా మీ యంత్రం వారితో ఏకీభవించిందని వస్తే, గర్వపడక ముందు ప్రోగ్రామును మరోసారి వెతకండి.

మరొక మాట. పేర్లు తీసేసి ఇచ్చారన్నారు, కాని వయసు, ఊరు, పరీక్ష తేదీ కలిసి ఉంటే చిన్న పట్టణంలో మనిషిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధ వాడకానికి 2023లో నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. ఆసుపత్రి నైతిక కమిటీ అనుమతి కాగితం మీ ఫైలులో లేకపోతే, అన్నిటికంటే ముందు అది సంపాదించండి.

ప్రశ్న: నాకు 68 ఏళ్లు, షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. మూత్రం సన్నగా వస్తున్నదని పరీక్షకు వెళ్తే, ధార గరిష్ఠ వేగం సెకనుకు 9 మి.లీ., ఆ సమయంలో పీడనం 50 అని వచ్చింది. డాక్టరు గారు ‘ఇప్పుడే చెప్పలేము, ఆగుదాం’ అన్నారు. కాని రిపోర్టు కింద కంప్యూటర్ ‘అడ్డంకి ఉంది’ అని అచ్చు వేసింది. ప్రోస్టేట్ ఆపరేషన్ చేయించుకోవాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: అయ్యా, ఉపాధ్యాయులు కాబట్టి లెక్క మీతోనే చేయిస్తాను. పురుషులకు మాత్రమే వర్తించే సూత్రం ఒకటి ఉంది: గరిష్ఠ వేగం వద్ద ఉన్న పీడనంలోంచి ఆ వేగానికి రెట్టింపును తీసివేయాలి. జవాబు 40 దాటితే దారిలో అడ్డంకి ఉన్నట్టు, 20 లోపు ఉంటే లేనట్టు, మధ్యలో ఉంటే తేల్చలేనట్టు. మీకు 50లోంచి 18 పోగా 32. అంటే మీ డాక్టరు గారు చెప్పింది సూత్రం చెప్పిందే. ఇందుకు మెషిన్ లెర్నింగ్ అక్కర లేదు, ఎక్కాలు వస్తే చాలు.

యంత్రం అవసరమయ్యేది ఆ 9, ఆ 50 ఎక్కడ తీసుకోవాలో నిర్ణయించడంలో. మూత్రం కింది పాత్రకు చేరడానికి అర సెకను నుంచి ఒక సెకను పడుతుంది కాబట్టి రెండు గీతలను అంత మేరకు సరిచేసి చూడాలి. పాత్రకు కాలు తగిలినా, ధార పక్కకు పోయినా వేగం గీతలో దొంగ శిఖరం లేస్తుంది. మీ అసలు వేగం 7, పీడనం 56 అయి ఉంటే జవాబు 42, అడ్డంకి ఉన్నట్టే. వేగం 13, పీడనం 45 అయి ఉంటే 19, అడ్డంకి లేనట్టే. ఇంత చిన్న తేడాతో వర్గమే మారిపోయే చోట, ‘తేల్చలేము’ అనే జవాబు నేర్పని కంప్యూటర్ ఏదో ఒక పక్కకు ఒరగక తప్పదు. మీ రిపోర్టులో జరిగింది అదే కావచ్చు.

ఇంకో సూత్రం కూడా చూడండి: పీడనానికి వేగానికి ఐదు రెట్లు కలిపితే కండరం బలం తెలుస్తుంది. 50కి 45 కలిపితే 95. వంద లోపు ఉంటే కండరం బలహీనమని అర్థం. దీర్ఘకాలం షుగర్ ఉన్నవారిలో మూత్రాశయ నరాలు మొద్దుబారి ఇలా కావడం తెలిసిందే. తూములోంచి నీరు సన్నగా వస్తున్నదంటే తూము పూడి ఉండవచ్చు, చెరువులో నీటి మట్టమే తక్కువై ఉండవచ్చు. మట్టం తక్కువైనప్పుడు తూమును ఎంత వెడల్పు చేసినా పారకం ఆశించినంత పెరగదు. అందుకే డాక్టరు గారు ఆగుదామన్నారని నేను అనుకుంటున్నాను. తిరిగి పరీక్ష చేయించేటప్పుడు కనీసం 150 మి.లీ. మూత్రం పోసేలా నిండుగా వెళ్లండి, తర్వాత లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో కొలిపించండి. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి రోగనిర్ధారణకు వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందికే వస్తుంది; మీ రిపోర్టు ముద్రించిన సాఫ్ట్‌వేర్‌కు వైద్య పరికరంగా అనుమతి ఉందా అని అడగడానికి సంకోచించవద్దు.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సును. ఎనిమిదేళ్లుగా ఈ పరీక్షలో పైపులు వేసి, గ్రాఫు తీసేది నేనే. చదవడం కంప్యూటర్ చేస్తే మా పని ఏమవుతుంది?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చదవడం సంగతి ఎలా ఉన్నా, పైపులు వేసి, సున్నా సరిచేసి, మూత్రాశయం ఎత్తుకు సమానంగా కొలత మట్టం పెట్టే చేయి కంప్యూటర్‌కు లేదు. ఆ పని చెడితే దాని చదువు కూడా చెడుతుంది. అందువల్ల మీ పని తగ్గదు, దాని మీద ఆధారపడేవారు మాత్రం పెరుగుతారు. ఇక మీదట ఒక్క అలవాటు గట్టిగా పట్టండి. మొదట్లో, నింపుతుండగా నిమిషానికోసారి, చివర్లో రోగిని దగ్గమని అడిగి, రెండు గీతలూ సమానంగా లేచాయో లేదో చూసి, ఆ క్షణంలోనే గ్రాఫు మీద ‘దగ్గు’ అని గుర్తు పెట్టండి. నవ్వినా, మాట్లాడినా, మంచం మీద కదిలినా, ‘ఇప్పుడు వస్తున్నది’ అని రోగి అన్నా అదే విధంగా రాయండి. కాజీపేట విద్యార్థినికి ఇచ్చిన రికార్డుల్లో ఈ గుర్తులు ఉండి ఉంటే, ఆమె యంత్రం దగ్గును చూసి మోసపోయే అవకాశం చాలావరకు తగ్గేది.